దిష్టికి ఒక చెప్పు చాలు

మా ఆయన ఖాసిం సాబ్ కాళ్ళ గురించి చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్తాను. ఊళ్ళో ఆడవాళ్ళంతా మొగుళ్ళ మొహాలు చూసి కాపురం చేస్తే నేను కాళ్ళు చూసి చేశాను. నాపరాళ్ళ గనిలో పనిచేసే మనిషి మరి. ఎండకు కాలిన బండల మీద పొద్దస్తమానం నిలబడి ఉలి కొట్టీ కొట్టీ, మడమల్లో చింతగింజ దోపితే నిలిచేంత పగుళ్ళు పడేవి. ఆముదంలో మైనం కరగబెట్టి ఆ పగుళ్ళలో పోస్తే, అంత మగాడూ "అబ్బా, చంపుతాండావే" అని కేకలు పెట్టేవాడు. కాలిగోళ్ళు పచ్చబడి, మందమై, కత్తెరకు లొంగేవి కావు. "నీ గోళ్ళు కోసేదానికంటే తుమ్మకంప కొట్టేది సులువు" అని తిట్టుకుంటూ నేనే ఉప్పునీళ్ళలో నానబెట్టి కోసేదాన్ని. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పేవాడు కాదు. మెత్తని మనిషి. మా ఇంట్లో కోపమంతా నా వంతుకే వచ్చింది.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎడమకాలి ఆనికాయ ఒక ఎత్తు. బొటనవేలి కింద, అడుగు వేస్తే బరువంతా పడే చోటనే మొలిచింది. జీడిగింజ కాల్చి చురక పెట్టాం. బ్లేడుతో చెక్కాం. చెక్కిన చోటనే మళ్ళీ మొలిచేది. చివరికి ఒకరోజు ఆయనకు విసుగెత్తి, ఉలి తీసుకొని ఎడమ చెప్పుకు సరిగ్గా ఆనికాయ ఆనే చోట పావలా బిళ్ళంత బొక్క పెట్టాడు. ఆనికాయ ఆ బొక్కలో కూర్చునేది, నొప్పి తగ్గింది. "రాళ్ళకు బొక్కలు పెట్టేవానికి తోలొక లెక్కనా?" అని ఇంటింటికీ చూపించుకున్నాడు.

మా ఊళ్ళో వానల సంగతి దేవుడెరుగు, దుమ్ముకు మాత్రం కరువు లేదు. దోవలో పాదం మునిగేంత దుమ్ము. ఆ దుమ్ములో మా ఆయన నడిచిపోతే ఎడమ అడుగులో బొటనవేలి కింద రేగ్గాయంత మట్టి బొడిపె లేచేది. ఊరందరికీ ఆ అడుగు తెలుసు. "ఖాసిం సాబు గనికి పోయినాడా?" అని నన్ను అడిగేవాళ్ళే లేరు. నేల చూసి తెలుసుకునేవాళ్ళు. ఆయనకు అదొక గొప్ప. పక్కనున్న యాడికిలో గానీ తాడిపత్రిలో గానీ అట్లాంటి అడుగు ఇంకొకరికి లేదని మురిసిపోయేవాడు. నాకు మాత్రం మొదటినుంచీ నచ్చలేదు. మనిషి యాడికి పోయిందీ యాడ నిలబడిందీ లోకమంతా చదువుకునేట్టు నేల మీద రాసిపెట్టుకోవడం ఏం గొప్ప?

నయాపైసలు వచ్చిన కొత్తలో ఒక ఎండాకాలం ఊళ్ళో బావులన్నీ ఎండాయి. శివప్ప బావిలో మాత్రం నీళ్ళు ఉన్నాయి. నీళ్ళు తోడే ఇంజనుకు కాపలాగా రాత్రిళ్ళు ఆయన బావికాడి గుడిసెలోనే పడుకునేవాడు. శివప్ప మంచివాడని నేను చెప్పను. నోరు చెడ్డది, చెయ్యి అంతకన్నా చెడ్డది. కానీ మాట మీద నిలబడే రైతు. గనికీ రోడ్డుకూ నడుమ ఆయన చేను ఉంది. ఓబుళేసు అని మా ఊరివాడే ఒకడు, గని గుత్తకు పట్టి, ఆ యేడే పాత లారీ ఒకటి కొన్నాడు. చుట్టుదోవ చాలా దూరం, లారీకి శివప్ప చేలోంచి అడ్డదోవ కావాలి. శివప్ప ఇవ్వనన్నాడు. దుడ్లు చూపించినా ఇవ్వనన్నాడు, పెద్దమనుషుల్ని పంపినా ఇవ్వనన్నాడు. చేనికి అడ్డంగా కంప వేయించి, "నా సచ్చిన పీనుగ మీద నడిపించుకో నీ లారీని" అన్నాడట. ఓబుళేసు నవ్వి ఊరుకున్నాడట. వాడు అరిస్తే భయం ఉండేది కాదు నాకు.

ఆ రోజుల్లోనే మా ఆయన కుండ తీసుకొని శివప్ప బావికి పోయాడు. ముందు ఎవరు, వెనక ఎవరు అని మాటా మాటా పెరిగింది. శివప్ప కుండ పగలగొట్టి, పదిమందిలో మా ఆయన చెంప మీద కొట్టాడు. నా మొగుడు, చీమకు కూడా పక్కకు జరిగి దోవ ఇచ్చే నా మొగుడు, అప్పుడు ఒక మాట అన్నాడు.

"నీ అంతు చూస్తా శివప్పా! ఈ బాయిలోనే నీ పీనుగు తేలకపోతే అడుగు!"

ఆయన నోట ఆ మాట ఎట్లా వచ్చిందో అల్లాకే తెలియాలి. నేను రోజుకు నాలుగుసార్లు అట్లాంటి మాటలు అంటాను, ఎవరూ పట్టించుకోరు. ఆయన అనేసరికి బావికాడ అందరూ కడవలు పట్టుకొని నిలబడిపోయారు. ఓబుళేసు కూడా అక్కడే ఉన్నాడు. "భలే అన్నావు ఖాసిమన్నా" అని భుజం తట్టాడట. ఇంటికి వచ్చాక మా ఆయన అన్నం తినలేదు. "ఎంత మాట అంటినే" అని గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు.

ఆ తర్వాత వారం తిరక్కుండానే ఓబుళేసు మా ఇంటికి వచ్చాడు. వాడు వస్తున్నట్టు వీధి మొదట్లోనే తెలిసింది. కిర్రు చెప్పులు వాడివి. కిర్రు, కిర్రు అని వస్తుంటే నేను వాకిట్లో రోట్లో కొర్రలు దంచుతున్నాను. వాడి చేతిలో ఇంకో జత ఉంది. సరికొత్తది, నూనె పెట్టిన తోలు.

"ఏమన్నా, గనిలో ఇంతమంది ఉండారు, నీయంత పనోడు ల్యాడు. నీ కాళ్ళు చూస్తే నాకు కడుపు తరుక్కపోతాది. ఇద్దో, తాడిపత్రిలో నీకోసమే కుట్టిచ్చినా."

మా ఆయన లేచి నిలబడ్డాడు. ఆ చెప్పులు చేతిలోకి తీసుకొని, చిన్నపిల్లవాడి మాదిరి ఒకదాన్ని వంచి, కిర్రుమంటే నవ్వాడు. నాకూ సంతోషమే అయింది, అబద్ధమెందుకు? ఆయన జన్మలో కొత్త తోలు తొడగలేదు.

"పాతవి నాకియ్యన్నా. కొత్తగా కొన్న లారీ గదా, ఊరోళ్ళ కండ్లన్నీ దానిమీదనే ఉండాయి. దిష్టికి కట్టల్ల. కష్టం చేసినోని చెప్పుకే బలం అంటారు" అన్నాడు ఓబుళేసు.

ఇందులో అనుమానించేదేముంది? కొత్త ఇల్లు కట్టినా, కొత్త బండి కొన్నా, పాత చెప్పు, నిమ్మకాయ, మిరపకాయలు కట్టడం మా దిక్కు ఎవరికి తెలియదు? మా ఆయన గర్వంగా తీసి ఇచ్చాడు. ఓబుళేసు రెండు చెప్పులనూ దుమ్ము దులపకుండా తుండుగుడ్డలో మూటగట్టుకొని పోయాడు. కిర్రు చప్పుడు వీధి మలుపు తిరిగాక నేను రోకలి ఎత్తాను. ఎత్తిన రోకలి ఎత్తినట్టే నిలిచిపోయింది.

"ఏమయ్యా, దిష్టికి ఒక చెప్పు చాలు గదా. జత యెందుకు కొండపోయినాడు?"

"నీకు నీడను చూసినా అనుమానమే. ఒంటి చెప్పు నేనేం చేసుకుంటాననీ?" అన్నాడు ఆయన, కొత్తవి తొడుక్కొని వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ.

సరే, నాది పాపపు బుద్ధి అనుకున్నాను. అయినా బుధవారం గనికి రొట్టెలు తీసుకుపోయినప్పుడు లారీ ముందుకు పోయి నిలబడ్డాను. నిమ్మకాయ ఉంది, మిరపకాయలు ఉన్నాయి, నడుమ చెప్పు కూడా ఉంది. కానీ అది టైరు చెప్పు. ఎవరిదో, కుడికాలిది. బొక్క లేదు, తోలూ కాదు.

మా ఆయన చెప్పులు లారీకి కట్టలేదంటే మరి ఎక్కడున్నాయి? ఊరంతటికీ తెలిసిన అడుగు ఇప్పుడు ఎవరి కాళ్ళ కింద ఉంది? బావికాడ అన్న మాట, లారీకి ఇవ్వని దోవ, మూటగట్టుకొని పోయిన జత, మూడూ నా బుర్రలో వరసగా వచ్చి కూర్చున్నాయి. నేను చదువుకున్నదాన్ని కాను. అయినా ఇది అర్థం కావడానికి చదువెందుకు?

నేరుగా ఓబుళేసు ఇంటికి పోయాను.

"ఓబుళేసప్పా, కొత్త చెప్పులు ఆయప్పకు కరుస్తాండాయి. పాతవి ఇస్తే కొండపోతా."

వాడు అరుగు మీద కూర్చొని పళ్ళు కుట్టుకుంటున్నాడు. "అయ్యో వదినా, వాటిని కుక్క యెత్తకపోయిండాది. ఏం కుక్కలో ఏమో" అన్నాడు. తర్వాత నేను అడగకుండానే, "రేపు గురువారం గదా. రాళ్ళు నింపిన లారీ గనికాడనే ఉంటాది. నేను తాడిపత్రికి పోవల్ల. అన్నను రాత్రికి కాపలా పండుకోమని చెప్పినా. ఒగనే ఉంటాడు, నీవేం దిగులుపడొద్దు" అన్నాడు.

ఒక్కడే. గనికాడ, మనిషి అలికిడి లేని చోట, ఫలానా రాత్రి ఖాసిం సాబ్ ఇక్కడే ఉన్నాడని చెప్పే నోరు ఒక్కటి కూడా లేని చోట.

అక్కడినుంచి శివప్ప ఇంటికి పోయాను. మా కుండ పగలగొట్టినవాడి గడప తొక్కడానికి మనసు రాలేదు, అయినా ప్రాణం ప్రాణమే కదా. ఆయన భార్య మారెక్క చేటలో వేరుశెనగ చెరుగుతోంది.

"శివప్పన్నా, రేపు రాత్రి బాయికాడ పండుకోవద్దు. నీకు మంచిది గాదు" అన్నాను.

శివప్ప గుడ్లు ఉరిమాడు. "ఓహో! మొగుడు సంపుతానని ఊరంతా ఇనేటట్టు అరిసినాడు. ఇప్పుడు పెండ్లాం ఇంటికొచ్చి బెదిరిస్తాండాదా? పో పోమ్మీ! నా ఇంజను కాడ నేను పండుకోకుండా మీ సాయిబు పండుకుంటాడా?"

నేను ఓబుళేసు పేరు చెప్పాను. చెప్పుల సంగతి చెప్పాను. ఆయన వినలేదు. చెప్పులంట, దిష్టంట అని ఇంకా నవ్వాడు. మారెక్క మాత్రం చెరగడం ఆపి నా మొహం చూసింది. ఆమె తలకు నేను చెప్పింది సగమన్నా ఎక్కిందో లేదో తెలియదు. పోలీసుల దగ్గరికి పోదామంటే జరగనిదాన్ని జరుగుతుందని ఎవరికి చెప్పేది? జరిగాక చెబితే మొదట కట్టేసేది నా మొగుణ్ణే.

కొత్త చెప్పులు కరవడం మాత్రం అబద్ధం కాదు, తొడిగిన రోజునుంచీ కరుస్తూనే ఉన్నాయి. బొటనవేలి పట్టీ ఒరుసుకొని మొదట బొబ్బ లేచింది. బొబ్బ పగిలి, గోరు పక్కన చీము చేరి, గోరుచుట్టు తేలింది. ఎడమ బొటనవేలు వంకాయ మాదిరి నున్నగా, నల్లగా ఉబ్బింది. నిమ్మకాయకు బొక్క పెట్టి వేలికి తొడిగాను. లోపల వేలు టకటక కొట్టుకుంటూ ఉంటే ఆయన పండ్లు బిగబట్టుకొని కూర్చున్నాడు. ఆ నిమ్మకాయ తొడిగిన కాలితోనే గురువారం గనికి పోతానని తయారయ్యాడు.

మధ్యాహ్నం ఎండ చండ్రనిప్పుగా ఉంది. నేను రోటికాడ ఉన్నాను. ఆయన ఎదురుగా నాపబండ మీద కూర్చొని, దుప్పటి పక్కన పెట్టుకొని, వేలి నిమ్మకాయ ఊడదీస్తున్నాడు.

"పోవద్దయ్యా. నీ కాళ్ళు మొక్కుతా. ఈ ఒక్క రాత్రి ఈడనే ఉండు, నలుగురి నడుమ ఉండు."

"మాట ఇచ్చినా మస్తానా. కొత్త చెప్పులు ఇచ్చినోడు కాపలా పండుకోమంటే పండుకోకపోతే ఎట్ల? నీవు చెప్పేదంతా కత. చెప్పుల కోసం ఎవురన్నా మనిషిని సంపుతారా?"

"చెప్పుల కోసం గాదయ్యా, చెప్పులతో!"

ఆయన వినిపించుకోలేదు. లేవడానికి ఎడమకాలు ముందుకు చాపి నేలకు ఆనించాడు. ఆ వేలు నా కళ్ళ ముందు ఉంది. నా చేతుల్లో రోకలి ఉంది.

ఊళ్ళో ఎవరికి కష్టం మీద కష్టం వచ్చినా గోరుచుట్టు మీద రోకలిపోటు అంటాం. ఎన్నిసార్లు అన్నానో, పకపకా నవ్వుతూ కూడా అన్నాను. ఇనుపపొన్ను వేసిన రోకలి అది. యా అల్లా అనుకొని వదిలాను.

ఆయన పెట్టిన కేకకు వీధి వీధంతా వచ్చింది. అదే నాకు కావలసింది. గోరు నిలువునా చీలి, చీమూ నెత్తురూ కొర్రల మీద చిమ్మాయి. నేను గుండెలు బాదుకొని ఏడ్చాను. అది దొంగ ఏడుపు కాదు. "జారింది! చెయ్యి జారింది!" అని అరిచాను. పక్కింటి తిరుపాలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "గోరుచుట్టు మింద రోకలిపోటు అంటే ఇదేనేమో తల్లీ" అంది. ఒకరిద్దరు నవ్వారు కూడా. నవ్వనీ. నవ్వినవాళ్ళు మరిచిపోరు. ఎవరు ఎప్పుడు అడిగినా గురువారం మధ్యాహ్నమే అని చెప్తారు.

తిప్పయ్య ఎద్దులబండి కట్టాడు. ఊరి నడివీధిలోంచే తోలమన్నాను. రోడ్డు మీద బస్సు పట్టి పొద్దు మునగకముందే తాడిపత్రి ఆస్పత్రికి చేరాం. డాక్టరు వేలు చూసి, చీలిన గోరు పెరికి, "జ్వరం ఉంది, ఇక్కడే ఉండాలి" అని మంచం ఇప్పించాడు. ఆ మంచం మీద మా ఆయన్ని పడుకోబెట్టి, పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆయన ఊళ్ళో లేకపోతే ఆ చెప్పులతో ఓబుళేసుకు పని లేదు. శివప్ప కూడా బతికిపోయినట్టే అనుకున్నాను.

కానీ ఓబుళేసు ఆ గురువారం పొద్దున్నే ఊరు విడిచి తాడిపత్రికి వచ్చేశాడు. పదిమంది కంట్లో పడాలి కదా వాడు, సినిమాకు పోవాలి కదా. చెప్పులు తొడుక్కున్నవాడు ఎవరో, ఏ ఊరివాడో. వాడికి మా సంగతి చెప్పేవాళ్ళు లేకపోయారు. చెప్పిన రోజు, చెప్పిన పని చేసిపోయాడు.

శుక్రవారం తెల్లారేసరికి శివప్ప తన బావిలో తేలుతున్నాడు. ఊరినుంచి వచ్చిన తిప్పయ్య చెప్పాడు. ఇంజను గుడిసె ముందర నుంచి మా ఇంటి గడపదాకా బొక్క చెప్పు అడుగులు ఉన్నాయట. చెరిగిపోకుండా పోలీసులు వాటి మీద గంపలు బోర్లించారట. బావికాడ నుంచి మా వాకిలిదాకా గంపలు. అవి నేను చూడలేదు. చూడకపోయినా ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే నాకు ఆ గంపలే కనబడతాయి.

ఇన్‌స్పెక్టరు సంకెళ్ళు పట్టుకొనే వచ్చాడు. మంచం మీద కట్టు కట్టిన కాలు చూసి ఆగిపోయాడు. డాక్టరును అడిగాడు. పక్క మంచాలవాళ్ళను అడిగాడు. చివరికి మా ఆయన మొహంలోకి వంగి, "నీ చెప్పులు ఎవరికిచ్చినావు?" అన్నాడు.

మా ఆయన నావైపు చూశాడు. ఏమీ చెప్పవద్దని ఆ కళ్ళు బతిమాలుకుంటున్నాయి. నాకు నోరు ఆగితే కదా!

"ఓబుళేసుకిచ్చినాడు సార్. లారీకి దిష్టికని అడిగినాడు. నేనే సాక్షి. జత కొండపోయినాడు, కట్టింది మాత్రం ఎవురిదో టైరు చెప్పు."

వాళ్ళు ఊరికి పోయి చూస్తే లారీ ముందు మా ఆయన ఎడమ చెప్పే వేలాడుతోంది. నిమ్మకాయ, మిరపకాయలు, నడుమ బొక్క చెప్పు. టైరు చెప్పు సంగతి మాకు తెలియదన్నారు గనివాళ్ళంతా. "దిష్టికి కట్టినా సార్, రాత్రి యా దొంగనాకొడుకు ఇప్పుకొని తొడుక్కున్నాడో, మల్లీ కట్టిపోయినాడో! దిష్టికి ఒకటే గదా, రెండోది దిబ్బలో పారేసినా" అన్నాడట ఓబుళేసు. ఆ రాత్రి వాడు సినిమాలో ఉన్నాడని పదిమంది చెప్పారు. కేసు అట్లా అట్లా నీరుగారిపోయింది. నా మొగుడి మెడ మాత్రం నాకు మిగిలింది.

వేలు మిగలలేదు. చీము ఎముకదాకా పోయిందని డాక్టరు బొటనవేలు తీసేశాడు. ఆయన కర్ర పట్టుకొని ఇంటికి వచ్చాడు. బొటనవేలు లేనివాడికి పట్టీ చెప్పు నిలబడదు. ఉత్తకాళ్ళతోనే నడిచేవాడు. చిత్రం చూడండి, బరువు పక్కకు పడి కొన్నాళ్ళకు ఆ ఆనికాయ దానంతట అదే మెత్తబడి పోయింది. "ఏ మందుకూ పోనిది రోకలికి పోయింది" అన్నాను నవ్వించాలని. ఆయన నవ్వలేదు. చెయ్యి జారిందా, నేనే వేశానా అని ఒక్కరోజు కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు.

మా అన్న గోరంట్లలో ఉన్నాడు, అక్కడికి పోదామంటే మాత్రం నోరు విప్పాడు. "తప్పు జేసినోడు ఊర్లో ఉంటే, జేయనోడు ఊరిడిసి పోవల్లనా?" అన్నాడు.

ఒకరోజు పొద్దున వీధి మొదట్లో కిర్రు, కిర్రుమంది. చేట కింద పెట్టి లేచాను. ఓబుళేసు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమన్నా, కాలు నయమాయనా?"

మా ఆయన తలూపాడు. ఓబుళేసు ఆయన వైపు చూడటం లేదు. నేల వైపు చూస్తున్నాడు. దుమ్ములో మా ఆయన అడుగులు, ఎడమది నాలుగు వేళ్ళతో.

"ఊర్లో ఇంగెవురికీ ల్యా గదా వదినా, ఇట్లాంటి అడుగు" అన్నాడు. తర్వాత తన ఎడమ చెప్పు విడిచి, బొటనవేలు పైకెత్తి బిగబట్టి, మా ఆయన అడుగు పక్కనే పాదం మోపి తీశాడు. వంగి చూశాడు. నాలుగు వేళ్ళే పడ్డాయి.

"సూడు, అట్లే పడింది!" అని నవ్వి, చెప్పు తొడుక్కొని, కిర్రు కిర్రుమంటూ పోయాడు.

ఆ రోజునుంచి నేను చీపురు పట్టాను. ఆయన గడప దాటితే వెనకాలే ఊడ్చుకుంటూ పోయేదాన్ని. మసీదుకు పోతే మసీదుదాకా, దొడ్డికి పోతే దొడ్డిదాకా. వంగీ వంగీ నడుం పట్టేసేది. "సాయిబు పెండ్లానికి పిచ్చి పట్టిండాది" అన్నారు. అననీ. వాళ్ళకేం, వాళ్ళ మొగుళ్ళ అడుగులన్నీ ఒకే మాదిరి ఉంటాయి.

శివప్ప పోయినా చేను మారెక్క చేతిలో ఉంది. ఆమె కూడా దోవ ఇవ్వలేదు. పీర్ల పండగ అయిన వారంలో మొగుడు వేసిన కంప పక్కనే ఇంకో వరస కంప వేయించిందని తెలిసింది. ఆ మాట విన్న రోజే నాకు చలిజ్వరం తగిలింది. మర్నాడు పొద్దుటినుంచి తల ఎత్తలేకపోయాను. ఆయన నన్ను లేపకుండా తనే పోయి నీళ్ళు తెచ్చాడు.

సాయంత్రం కాస్త తెరిపిచ్చి, గోడ పట్టుకొని వాకిట్లోకి వచ్చాను. గడప ముందర, దుమ్ములో, ఒక గంప బోర్లించి ఉంది. మాది కాదు. మా ఇంట్లో అంత పెద్ద గంపే లేదు. వీధిలో ఎవరూ లేరు. తిరుపాలమ్మ తలుపు కూడా వేసి ఉంది.

ఎత్తి చూశాను. కింద మా ఆయన ఎడమ అడుగు, పొద్దున నీళ్ళకు పోయినప్పుడు పడింది, నాలుగు వేళ్ళతో పడింది పడినట్టే ఉంది. చీమ కూడా తొక్కలేదు. మారెక్క వేయించిన కొత్త కంప గుర్తుకొచ్చింది.

గంప అట్లాగే పట్టుకొని లోపలికి వచ్చాను. ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నాడు. గంపను చూశాడు, నా మొహం చూశాడు. మునగదీసుకున్న కుడికాలు మెల్లగా చాపి, నేలకు పరిచిన నాపబండ మీద పెట్టాడు.

"మస్తానా, రోకలి యాడ పెట్టినావు?" అన్నాడు.